ఆమె అంటే వాన

ఆషాఢం. లగ్గాలు లేవు.
మైకుసెట్టు డబ్బాలు గోడకు మొఖం పెట్టుకొని పండుకున్నయి.
మిర్యాలగూడల, ఊకపొయ్యి వాసనొచ్చే సందుల
నా షట్టరు సగం దింపి ఉంటది.
లోపల కరోకె డబ్బా. కోఠిల కొన్న సెకండ్‌హాండుది.
పాడినంక మార్కులేస్తది, బడిపంతులు లెక్క.

మొన్న మా మేనమామ వచ్చిండు.
ఒగ్గుకథల ఆయన గొంతు విప్పితే
అవుతలి ఊరి కోళ్లు లేస్తయి.
డబ్బా పన్నెండేసింది.
"దీనికి చెవుడురా మల్సూరూ" అని
చాయ్ తాగి పోయిండు.

ఏడింటికి సైదమ్మ వస్తది.
జాన్‌పహాడ్ మొక్కుల పేరు.
కనురెప్పల మీద తవుడు ఇంకా అట్లనే ఉంటది.
మిల్లుల బియ్యం యేరే మిషిని కాడ డ్యూటీ,
జపాను మిషిని, నల్లగింజ కనవడితే చాలు
ఉఫ్ అని ఊది పక్కకు పారేస్తది.
అది బిగించనీకె వచ్చిన మెకానికు
పదిరోజులు పానా తిప్పుకుంట పాడిండంట,
ఆడగొంతు పాట,
గుట్ట మీదికి మేకపిల్ల ఎక్కినట్టు ఎక్కి, ఎక్కి,
ఇగ రాయి లేనికాడ గూడ కాలు పెట్టే పాట.
ఫోన్ల దాన్ని దొరకవట్టి
హమాలీ లెక్కల పుస్తకం వెనక పేజీలల్ల
మన అక్షరాలతోని రాసుకొచ్చింది.

సోర అంటే ఆకాశమట. నాకు సొరకాయ యాదికొచ్చింది.
నమిద, కన్నీళ్లు. నా మీద.
అమె అంటే వాన.
ఆమె నా మీద, ఆమె నా మీద అనుకుంట
కడుపు పట్టుకొని నవ్వినం ఇద్దరం.
ప్రతి మాటా మన మాట లెక్కనే అచ్చు మీద ఆగుతది,
నోటికి తిప్పలే లేదు.
తిప్పలంత ఎత్తుది.

రెండో చరణం దాటినంక ఒక్కతాన
పాట పైకెక్కి నిచ్చెన గుంజేస్తది.
ఆడ సైదమ్మ గొంతు చిరుగుతది,
బట్టల దుకాణంల తాను చింపినట్టు, పర్రుమని.

"రెండు మెట్లు దించుదునా?
గీ బిరడ తిప్పితే అయిపాయె.
పెండ్లిళ్లల్ల అందరికీ దించుత, ఎవలకూ ఎర్కగాదు."
"దించితే అది ఆ పాట గాదు గదన్నా.
నాలుగు మోటర్ల మీదికెల్లి లారీ డ్రైవర్‌ను పిలుస్త నేను,
ఆ గొంతు ఏడ వోయిందో చూస్త."

మళ్ల. నలభై ఒకటి.
మళ్ల. ముప్పయెనిమిది.
నీళ్లు తాగి, చున్నీ నడుముకు బిగించి, మునివేళ్ల మీద లేచి,
ఫ్యాను దిక్కు చూసుకుంట, మళ్ల.

ఒక్కసారి మాత్రం, అబద్ధమెందుకు,
చిరిగిన గొంతే ఆగకుండ ఇంకింత మీదికి వోయింది.
రెండు పాయలయింది, ఒకటి సన్నగ, ఒకటి గరుకుగ.
షట్టరు రేకు జుమ్మన్నది.
నేను ఏం వైరు అతికిస్తున్ననో మర్చిపోయిన,
కాలిందాక.

డబ్బా ఎర్రదీపం ఎలిగించి
ఇరవై తొమ్మిది అన్నది.
నల్లగింజ. ఉఫ్.

సైదమ్మ అంకెను చూసింది, నన్ను చూసింది.
"గంటకెంతన్నా?"
యాభై తీసుకున్న. తీసుకోకపోతే రేపు రాదు.
షట్టరు కింద వంగి మొగులు దిక్కు చూసి
"అమె వచ్చేటట్టున్నది, పోతున్న" అని
చెప్పులు చేతవట్టుకొని ఉరికింది.

వైర్లు చుట్టిన. సందుల ఎవ్వలు లేరని చూసిన.
హలో, హలో, మైకు టెస్టింగు తప్ప
నలభై రెండేండ్లు ఏం పాడని గొంతు నాది.
సో అన్నకాడనే దగ్గొచ్చింది.
మెట్టు కింద పండుకున్న కుక్క
తల లేపి, ఒక చెవి లేపి చూసింది.

జపాన్ల కుక్కను ఇను అంటరని
ఆ పుస్తకంల రాసి ఉండె.

ఇను, అన్న దానితోని.
మళ్ల ఎత్తుకున్న.